పడమర చేతిలో పదమూడు

జనగామ,
10 జూన్ 2012.

తమ్మీ ఉపేందర్,

నీ జాబు అందింది. ఎయిర్‌పోర్టు క్యాబుల పార్కింగులో రమ్మీ ఆడే డ్రైవర్లకు బ్రిడ్జి నేర్పుతున్నావని చదివి మీ బావ పడీ పడీ నవ్వాడు. "మిలిటరీ మెస్సుల చాయ్ గిలాసలు పట్టుకొని, కర్నల్ల కుర్చీల ఎనుక నిలవడి నేర్చిన ఆట గది. డ్రైవర్లకు ఎక్కుతదా?" అన్నాడు. సాతంరాయి ఇంట్లో జొన్న గోతాల మీద ముక్కలు పరిచి నువ్వు నేర్పితే నాకు ఎక్కలేదా అన్నాను. దాంతో మీ బావ మల్లేశ్వర్‌గారు మా అచ్చు ప్రెస్సులోకి పోయారు.

నువ్వడిగిన పుస్తకం వేద్దాం. పన్నెండు ఆటలు, తెలుగులో, చొక్కా జేబులో పట్టేంత. ఆటలు నీవి, కంపోజింగ్ నాది. నెలకొకటి పంపు. ఫోనులో మాత్రం ముక్కల మాట ఎత్తకు. ఇరవై ఏళ్లుగా మనకున్న కట్టుబాటు అదే. ఫోనులో ఆరు ఏడుగా వినపడుతుంది, ఆట పాడైపోతుంది.

పటం వేసే పద్ధతి మరొకసారి చెబుతాను, విసుక్కోకు. నలుగురు ఆటగాళ్లు నాలుగు దిక్కుల కూర్చుంటారు. ఉత్తరం పైన, దక్షిణం కింద, పడమర ఎడమ పక్క, తూర్పు కుడి పక్క. ఎదురెదురు వాళ్లు ఒక జట్టు. ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు. ప్రతి వరసలో పెద్ద ముక్క ముందు రావాలి. రాజూ రాణీ రెండూ రా తోనే మొదలై కొట్టుకు చస్తున్నాయి గనక, రాజుకు 'రా' అనీ రాణికి 'ణి' అనీ వేస్తాను. ఆసుకు 'ఆ', జాకీకి 'జా'.

ఇంకో మాట. వేలంలా సాగే పాట గెలిచి ఆడేవాడు పటంలో ఎప్పుడూ దక్షిణంలోనే ఉండాలి. నిజంగా ఆడింది ఉత్తరం వాడైతే కాగితాన్ని తలకిందులు చేసి రాసుకో. పైది కిందికొస్తుంది, ఎడమది కుడికొస్తుంది. "గంత కష్టమెందుకక్కా" అని మొన్న ఫోనులో గొణిగావు. చదివేవాడు ప్రతిసారీ ఒకే కుర్చీలో కూర్చున్నట్టు ఉండాలి, అందుకు.

రాశాక లెక్కపెట్టు. ఒక చేతిలో పన్నెండు, ఇంకో చేతిలో పధ్నాలుగు పడితే నీ శిష్యులు పుస్తకం నీ మొహానే కొడతారు. మరదలు అనంతమ్మను అడిగానని చెప్పు.

నీ అక్క,
ప్రసన్నలక్ష్మి


సాతంరాయి,
28 జూన్ 2012.

అక్కా, నమస్తే.

నీ హుకుం అందింది. నా శిష్యుల గురించి అంత తేలిగ్గా మాట్లాడకు. నలుగురిలో బాలమల్లు గట్టివాడు. విమానం దిగిన ప్యాసింజరు వచ్చి అద్దం మీద కొట్టినా చేతిలో ముక్కలు దించడు. నిన్న అన్నాడు: "అన్నా, రమ్మీల దిక్కులుండయి. ఈడ ఎవడు ఏ దిక్కు కూసున్నడో యాది పెట్టుకునుడే పెద్ద పరేషాన్ అయితున్నది." పటం చేతిలో పెడితే ఆ బాధ పోతుంది. అందుకే తొందరపడుతున్నాను.

మెస్సులో ఉన్నప్పుడు రాసుకున్న పాత నోటుబుక్కు ఉంది కదా, దాంట్లోంచి ఎక్కిస్తున్నాను. మొదటి ఆట ఇది. దక్షిణం నాలుగు ఇస్పేట్లు పాడి గెలిచాడు.

                    ఉత్తరం
                    ♠ ఆ 7 4
                    ♥ రా 8 3
                    ♦ జా 10 6 2
                    ♣ 9 5 4

పడమర                              తూర్పు
♠ జా 8 5                           ♠ 10 9
♥ ణి జా 7 2                        ♥ 10 9 6 4
♦ 9 5                               ♦ ణి 8 7 3
♣ ణి 10 6                          ♣ జా 8 2

                    దక్షిణం
                    ♠ రా ణి 6 3 2
                    ♥ ఆ 5
                    ♦ ఆ రా 4
                    ♣ ఆ 7 3

లెక్కపెట్టాను. యాభై రెండూ ఉన్నాయి. ఇక నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి చెప్పకు.

ఇక్కడ అంతా బాగే. మొన్న టోల్‌గేటు దగ్గర బండి ఎడమ అద్దం విరిగింది. ఆ స్తంభం నిన్నటిదాకా లేదు, ఎవడు పాతాడో. అద్దమే కదా, తీరిగ్గా పెట్టిస్తాను. బావకు దండాలు.

నీ తమ్ముడు,
ఉపేందర్


జనగామ,
15 జూలై 2012.

తమ్మీ,

నీ మొదటి ఆట కంపోజ్ అయింది. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది. చిన్న చిన్న సవరణలు నేనే చూసుకున్నాను, నువ్వేం పట్టించుకోకు. మీ బావ పటాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది ఇల్లు ప్లానా ఏంది?" అన్నాడు. ఆయనకు ఈ జన్మకు రాదు.

నీ చేతిరాత మారింది. ఎడమ పక్క రెండు వేళ్ల జాగా వదిలి మొదలుపెడుతున్నావు. ఎయిర్‌పోర్టులో కాగితాలు ఉత్తగ ఇస్తున్నారా? రెండో ఆట పంపు.

నీ అక్క


సాతంరాయి,
19 ఆగస్టు 2012.

అక్కా,

ఆలస్యమైంది. మంచి కబురుంది, అందుకు తిరుగుతున్నాను. ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే పనికి మన సాతంరాయి నుంచీ కొత్వాల్‌గూడ నుంచీ పోయే ఆడవాళ్లున్నారు కదా. ఇన్నాళ్లూ హైవే మీద నిలబడి దొరికిన ఆటో పట్టుకుని వేలాడుతూ పోయేవాళ్లు. వాళ్ల కోసం వ్యాను మాట్లాడాను. దసరా నుంచి నేనే తోలుతాను. శివమ్మ, రుక్కమ్మ, తారాబాయి, ఈరమ్మ, అందరూ నీకు తెలిసినవాళ్లే. మొత్తం పదమూడు మంది, పదమూడో మనిషి మన అనంతమ్మ. శివమ్మ అన్నది: "ఉపేందర్ బండంటే మాకు ఇంట్ల కూసున్నట్టే కొడుకా." ఆ మాటకు నాకు ఛాతీ ఉబ్బింది.

అనంతమ్మ మాత్రం రోజూ ఏదో ఒక గొడవ. గడ్డం సగమే గీసుకున్నానట. కూర వదిలేశానట. ఎయిర్‌పోర్టు పనికి పోయినప్పటినుంచి ఆమెకు అన్నిట్లో మరకలే కనిపిస్తున్నాయి.

మొన్న కొత్వాల్‌గూడ దాటాక బండికి ఎడమ పక్క ఏదో తగిలినట్టు చప్పుడైంది. బర్రె దూడ అయి ఉంటుంది, అక్కడ తోలుకుపోతుంటారు. వెనక కూర్చున్నాయనకు విమానం టైమైంది, ఆగలేదు. దూడే. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. నీకు చెబితే మనసు తేలికవుతుందని.

రెండో ఆట వెనక కాగితంలో ఉంది. బాగా లెక్కపెట్టాను.

ఉపేందర్


జనగామ,
5 సెప్టెంబరు 2012.

తమ్మీ,

వ్యాను సంగతి విని సంతోషమే. రెండో ఆట కూడా కంపోజ్ అయింది.

ఒకసారి కళ్లు చూపించుకో. నలభై తొమ్మిదేళ్లు వచ్చాయి, కళ్లద్దాలు పెట్టుకుంటే మగతనం ఏమీ తగ్గదు. ఈసారి జాబులో ఎడమ పక్క నాలుగు వేళ్లు ఖాళీ. దూడ తగిలినా ఆగి చూడాలి కదరా. అదెట్లా ఉందో కనుక్కున్నావా?

నేను ప్రెస్సు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పట్టీ వేశారు, దీపావళి దాకా మంచం దిగొద్దన్నారు. కంప్యూటరు మంచం పక్కకే తెప్పించుకున్నాను. పరామర్శకని బండేసుకుని మాత్రం రాకు. ఫోను చాలు.

నీ అక్క


సాతంరాయి,
22 సెప్టెంబరు 2012.

అక్కా,

నీ కాలి సంగతి విని బాధ కలిగింది. వద్దన్నావు గనక రావడం లేదు.

కళ్లు చూపించుకున్నాను. కళ్ల డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు, చివరి వరస దాకా చదివాను. "కండ్లు పిట్ట కండ్లు పెద్దమనిషీ" అన్నాడు. ఇక అనంతమ్మ నోరూ నీ నోరూ మూతపడతాయనుకుంటాను. దూడ సంగతి మళ్లీ అడగకు.

మూడో ఆట ఇదే కాగితం మీద వేశాను. నాలుగు చేతులూ గీత గీసినట్టు కుదిరాయి. ఇంత శుభ్రమైన పటం నేను ఇంతవరకు వేయలేదు.

ఉపేందర్

(అదే కాగితం ఎడమ సగంలో, పెన్సిల్‌తో)

వదినా, నేను అనంతమ్మను. తప్పుగ అనుకోకు. ఆయన జాబు రాసి బల్ల మీద పెట్టిండు. ఎడమ దిక్కు సగం కాగితం ఉత్తగనే ఉన్నది. మొదలు "వదినా" అని ఒక్క మాట రాసి ఆయన ముంగటనే పెట్టిన. మల్ల తీసి చదువుకున్నడు. ఏమనలే. నా రాత ఆయనకు కనవడలే వదినా. ఇగ ధైర్యం జేసి అంత రాస్తున్న.

పళ్లెంల కుడి దిక్కు పెట్టినదే తింటడు. ఎడమ దిక్కు కూర గట్లనే ఉంటది, "కూర ఎయ్యలేదేంది" అని నా మీద ఎగురుతడు. నిన్న పళ్లెం తిప్పి పెట్టిన. మిగిలినదంత తిన్నడు.

కొత్వాల్‌గూడ కాడ తగిలింది దూడ కాదు. మన ఊరి చెన్నయ్య నీలం సైకిల్ మీద పోతుండె. భుజం బొక్క ఇరిగింది. "ఉపేందర్ బండే, తిరిగి సూడకుంట పోయిండు" అని నాకొక్కదానికే చెప్పిండు. ఇంకెవరికి చెప్పలే. నేను ఈయనకు చెప్పలే. చెప్తే ఏమైతడో అని భయం. ఒకనాడు తాళంచెవి దాస్తే ఇల్లు పీకి పందిరేసిండు. దసరా నాడు మేం పదమూడు మందిమి గా వ్యానెక్కాలె. వ్యాన్ తలుపు ఎడమ దిక్కే ఉంటది. నాకు నిద్ర పడ్తలేదు. నీ మాటైతే ఇంటడు.


జనగామ,
2 అక్టోబరు 2012.

తమ్మీ,

ఫోనులో నువ్వు అరిచిన అరుపులు ఇంకా చెవిలో ఉన్నాయి. "నా చూపు సక్కగున్నదని డాక్టర్ చెప్పిండు, నువ్వేందే చెప్పేది" అని పెట్టేశావు. మీ బావను పంపితే చాయ్ తాగించి, వద్దంటున్నా వినకుండా నువ్వే బండిలో బస్టాండుకు దింపావు. ఆయన ఇంటికొచ్చి ముందు గిలాసెడు నీళ్లు తాగాడు. తర్వాత అన్నాడు: "ఎడమ చక్రాలు రోడ్డు దిగి మట్టిల నడుస్తున్నయి. నేను ఒర్లుతున్న. నీ తమ్ముడు నవ్వుకుంట కర్నల్ల ముచ్చట్లు చెప్తున్నడు."

సరే, ఇక ఆ మాట ఎత్తను. మంచంలో పడి ఉన్నదానికి ఒక్క సరదా తీర్చు. ఈసారి ఆట నేను పంపుతున్నాను. వేరే కాగితం మీద పెద్ద పటం వేశాను. పడమర చేతిలో ఏమేం ఉన్నాయో చూసి, ఒక్కొక్కటీ వరసగా రాసి పంపు. వెంటనే పంపు తమ్మీ, నీకు దండం పెడతాను.

అక్క


సాతంరాయి,
7 అక్టోబరు 2012.

అక్కా,

దొరికావు! ఇరవై ఏళ్ల నుంచి నన్ను లెక్కపెట్టు, లెక్కపెట్టు అని చంపావు. నువ్వు పంపిన పటంలో ఉత్తరం ఉంది, దక్షిణం ఉంది, తూర్పు ఉంది. పడమర చేతిలో ఒక్క ముక్క లేదు. తెల్ల కాగితం! కాలు విరిగితే బుర్రలో ఉన్నది కూడా జారిపోతుందా ఏంది?

మూడు చేతులూ కనిపిస్తున్నాయి గనక నాలుగోది లెక్కకట్టి చెప్పగలను. కానీ చెప్పను. మరిచిపోయానని నువ్వు ఒప్పుకోవాలి. బాలమల్లుకు చూపించి నవ్విద్దామని పటం బండిలోనే పెట్టుకున్నాను.

వ్యాను వచ్చే బుధవారం, పదిహేడున, చేతికొస్తుంది.

ఉపేందర్


జనగామ,
11 అక్టోబరు 2012.

తమ్మీ,

నీ జాబు మళ్లీ మళ్లీ చదివాను. ఈ మాటలు రాయడానికి పొద్దుటి నుంచి మూడు కాగితాలు చించాను.

ముందు నా తప్పు చెబుతాను. నీ మొదటి పటంలో పడమరకు పన్నెండే ఉన్నాయి. కళావరు రాజు లేడు. మిగతా మూడు చేతులు చూస్తే ఏది తప్పిపోయిందో తెలిసిపోతుంది కదా, నింపేశాను. రెండో పటంలో నాలుగు లేవు, నింపేశాను. నీకు చెప్పలేదు. మళ్లీ తాగడం మొదలుపెట్టావేమో, అడిగితే నీ పరువు పోతుందేమోనని ఊరుకున్నాను. అచ్చులో తప్పు కనపడకుండా దిద్దడం నా పని. అదే పని నీ విషయంలోనూ చేశాను. మూడో పటంలో పడమర చేయే లేదు. నీకది "శుభ్రమైన పటం". అప్పుడు నాకు భయం పట్టుకుంది.

ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి. నేను పంపిన ఆ పటం తియ్యి. అందులో పాట గెలిచి ఆడింది ఉత్తరం వాడు. అట్లాంటప్పుడు కాగితం ఏం చేయాలో నీకు తెలుసు. తలకిందులు చెయ్యి. పడమర ఇప్పుడు నీ కుడి పక్కకు వస్తుంది. నేను అక్కడ తలకిందులుగానే రాశాను, తిప్పితే తిన్నగా కనిపిస్తుంది.

చదివాక నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి. అనంతమ్మ మీద మాత్రం కోపం తెచ్చుకోకు. దేవుడా, ఈ జాబు బుధవారం లోపల చేరాలి.

నీ అక్క


సాతంరాయి,
17 అక్టోబరు 2012.

అక్కా,

నీ జాబు నిన్న పొద్దున ఇంటి దగ్గర అందింది. పార్కింగుకు పోయాక చదివాను. ముందు నవ్వుకున్నాను, మా అక్క ఓడిపోయి సాకులు చెబుతోందని. పటం తీసి తిప్పాను.

పడమర చేతిలో ముక్కలు లేవు. పేర్లున్నాయి. శివమ్మ. రుక్కమ్మ. తారాబాయి. ఈరమ్మ. నీ గుండ్రటి రాతలో ఒకదాని కింద ఒకటి పదమూడు పేర్లు. చివరిది అనంతమ్మ.

కాగితం మళ్లీ తిప్పాను. ఒక్కరు లేరు. తెల్లగా ఉంది. ఇంకోసారి తిప్పాను, పదమూడు మందీ వచ్చారు. అట్లా ఎన్నిసార్లు తిప్పానో తెలియదు. ఎక్కడా చీకటిగా లేదక్కా, మసకగా లేదు. ఏదీ లోటున్నట్టే లేదు. అదే నాకు భయమేసింది. కాగితం బాలమల్లు చేతికిచ్చి, మామూలుగా పట్టుకోమని అడిగాను: "ఎడమ దిక్కు ఏమన్న ఉన్నదారా?" వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. "ఆడోళ్ల పేర్లున్నయి గదనే. తలకిందులు రాసిరి" అన్నాడు.

బండి దిగి చుట్టూ నడిచాను. చెయ్యి బండి మీద పెట్టి, తడుముకుంటూ, తల పూర్తిగా తిప్పి చూస్తూ. ఎడమ తలుపులు రెండూ ముందు నుంచి వెనకదాకా గీరుకుపోయి ఉన్నాయి. అద్దం ఉండే చోట వైర్లు వేలాడుతున్నాయి. నీలం రంగు ఒక పట్టీలా అంటుకుని ఉంది. దూడకు నీలం రంగెక్కడిది అక్కా? అక్కడే కింద కూర్చున్నాను.

తాళంచెవి బాలమల్లుకిచ్చాను. ఇంటికి వాడే తోలాడు. అనంతమ్మను అడిగితే ఏడుస్తూ అంతా చెప్పింది. సాయంత్రం చెన్నయ్య ఇంటికి పోయాను. భుజానికి కట్టుతో అరుగు మీద కూర్చున్నాడు. కాళ్లు పట్టుకున్నాను. "నువ్వు సూడలేదని నాకెర్కే. సూసి పోయేటోనివి కావు" అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఒక్కటే తలుచుకుని చస్తున్నాను. జూన్ నుంచి నా ఎడమ పక్క ఎంతమంది నడిచారో, ఎంతమంది పిల్లలు సైకిళ్ల మీద పోయారో నాకు తెలియదు. ఎవరూ లేరనే అనుకుంటూ తోలాను.

రేపు పెద్ద దవాఖానకు పోతున్నాం. వ్యాను బాలమల్లు తోలుతాడు.

ఉపేందర్


హైదరాబాద్, దవాఖాన,
14 నవంబరు 2012.

అక్కా,

కాగితాన్ని ఎదురుగా కాకుండా, పూర్తిగా నా కుడి పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఆ చిట్కా అనంతమ్మది.

కళ్లది కాదట, మెదడుది. కుడి పక్క నిమ్మకాయంత గడ్డ. ఎన్నేళ్ల నుంచో మెల్లగా పెరుగుతోందట. డాక్టరమ్మ ఒక గీత గీసి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంది. పెట్టాను. కుడి చివరకు పోయి పెట్టానని అనంతమ్మ చెబితేగాని తెలియలేదు. గడ్డ చెడ్డ రకం కాదంటున్నారు. కానీ తీసేటప్పుడు ఎడమ చెయ్యి పడిపోవచ్చు, పోయిన ఎడమ దిక్కు తిరిగి రాకపోవచ్చు, లేవకపోనూ వచ్చు. అన్నీ చెప్పి సంతకం పెట్టమన్నారు. సంతకం ఎక్కడ పెట్టాలో అనంతమ్మ నా వేలు పట్టుకుని చూపించింది.

భయంగా ఉందక్కా. మిలిటరీ మెస్సులో బతికినవాణ్ణని గొప్పలు చెబుతాను గానీ, పక్క మంచం మనిషి దగ్గినా ఉలిక్కిపడుతున్నాను. ఎల్లుండి ఆపరేషన్.

దసరా నాడు బాలమల్లు పదమూడు మందినీ దించి వచ్చాడు. శివమ్మ నిన్న పళ్లు తెచ్చి, "నువ్వొచ్చినంక ముంగట సీట్ల నేనే కూసుంట" అంది. ఇక నేను తోలనని ఆమెకు చెప్పలేకపోయాను.

నాలుగో ఆట ఉత్తరం, దక్షిణం, తూర్పు ఈ జాబుతో పంపుతున్నాను. పడమర నా దగ్గర పెట్టుకున్నాను. ఆపరేషనయ్యాక, కాగితం తిప్పకుండా, ఎడమ పక్కనే రాసి పంపుతాను. మూడు చేతులు చూసి నాలుగోది నువ్వు నింపగలవని తెలుసు. నింపకు. నేను రాసేదాకా ఆ జాగా ఖాళీగా ఉంచు.

నీ తమ్ముడు,
ఉపేందర్


సాతంరాయి,
4 జనవరి 2013.

అక్కా,

మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఎడమ చెయ్యి ఉంది, పట్టు తక్కువ. పూటకు ఇంత అని పిండి ముద్ద పిసకమన్నారు. అనంతమ్మ ఇప్పుడు కూర పళ్లెంలో ఎడమ పక్కనే వేసి, నేను వెతుక్కునేదాకా చూస్తూ కూర్చుంటుంది. ఒకరోజు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు. చెన్నయ్య కట్టు విప్పారు. బాలమల్లు ముక్కలు తెచ్చి నా ఎడమ చేతి వైపే కూర్చుంటున్నాడు, కావాలనే.

మాటిచ్చిన పడమర ఇదిగో. కాగితం తిప్పలేదు.

♠ ణి 9 4
♥ ఆ 10 6
♦ జా 8 7 3
♣ 9 5

ఉపేందర్


జనగామ,
10 జనవరి 2013.

తమ్మీ,

నీ రాత మళ్లీ ఎడమ అంచు నుంచి మొదలైంది. కవరు విప్పగానే ముందు అదే చూశాను. చూసి ఏడ్చాను. మీ బావ చేతిలో పెడితే ఆయనా అంచు మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

తర్వాత లెక్కపెట్టాను. ఇస్పేట్లు మూడు, ఆటీన్లు మూడు, డైమండ్లు నాలుగు, కళావర్లు రెండు. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాను. మీ బావతోనూ లెక్కపెట్టించాను. ఆయనకూ పన్నెండే వచ్చాయి.

లేనిది ఆటీను రెండు. నీ నవంబరు జాబు పక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల్లో తెలిసింది. అది వరసలో చివరి ముక్క, కుడి కొసకు ఉండాల్సింది. ఎడమది కాదు. ఆ ఒక్కమాట పట్టుకుని ధైర్యం తెచ్చుకుంటున్నాను. చెయ్యి నొప్పెట్టి వదిలేశావో, కాగితం మీద నీకు కనిపించనిది ఇంకేదైనా మొదలైందో, లేక నేను మళ్లీ నోరు మూసుకుని నింపేస్తానేమో చూద్దామని నువ్వే దాచావో నాకు తెలియదు. తెలియకపోవడం భయంగానే ఉంది.

పేజీ తెర మీద అట్లాగే తెరిచి ఉంచాను. పడమర చేతిలో రెండో వరస చివర ఒక ముక్క జాగా ఖాళీ. ఒక్క మీట నొక్కితే నిండిపోతుంది. నొక్కను. అడుగుతున్నాను.

ఆటీను రెండు ఎక్కడుంది తమ్మీ?

నీ అక్క,
ప్రసన్నలక్ష్మి